కనకరాజు మాస్టారు ఎంచిన పిస్టల్

కనకరాజు ముప్ఫై రెండేళ్లు పోలీసు శాఖలో తుపాకులు బాగుచేశాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఏలూరు శివార్లలో మూతపడ్డ రైసుమిల్లు ఆవరణలో నడిచే షూటింగ్ క్లబ్బులో పిల్లలకు గురి నేర్పడం మొదలుపెట్టాక అందరికీ మాస్టారయ్యాడు. మనిషి మంచివాడే. కాకపోతే తను చెప్పింది కూడా తప్పు కావచ్చుననే ఊహ ఆయన బుర్రకి ఎక్కదు. గురి తప్పిన పిల్లని తిడతాడు, గురి తగిలిన పిల్లని అంత మిడిసిపడకు అంటాడు.

ఆయన దగ్గరికి కలిదిండి నుంచి వీరదుర్గ వచ్చేది. బుల్లిరాజు అని రెండు చేపల చెరువులున్న రైతు కూతురు. కైకలూరులో బస్సు మారి, కొల్లేరు దాటి, వారానికి నాలుగు రోజులు వచ్చేది. వానాకాలంలో రోడ్డు మీదికి నీళ్లొస్తే బస్సు ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అయినా మానేది కాదు. ఎయిర్ పిస్టల్‌లో ఆ పిల్లకి చుట్టుపక్కల ఎదురులేదు. ఇక పాయింట్ టూటూ పిస్టల్‌కి మారాలి. తూటా అడుగుభాగం అంచు మీద సూది కొడితే పేలే చిన్న తూటాలు అందులో వాడేవి. పెద్దగా వెనక్కి తన్నదు, చప్పుడు తక్కువ, కాల్చే ప్రతిసారీ భుజం బిగబట్టుకోనక్కర్లేదు. నేర్చుకునేవాళ్లకి అంతకన్నా అనువైనది లేదు.

వీరదుర్గకి జూనియర్లలో మిగిలింది ఒక్క ఏడాదే. ఆ ఏడాది రాష్ట్ర జట్టులోకి వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి పడుతుంది. రాకపోతే చెరువుగట్టే. క్లబ్బు పేరిట ఒకే ఒక్క పిస్టల్ తెప్పించడానికి అనుమతి దొరికింది. కాగితాల్లో ఏది రాస్తే అదే వస్తుంది. తరవాత మార్చాలంటే మళ్లీ మొదటినుంచి తిరగాలి. ఆ ఎంపికని క్లబ్బు కార్యదర్శి, ప్లీడరు వేంకటాచలం గారు కనకరాజు మీద పెట్టారు.

“మీరు చెయ్యేస్తే చాలండి మాస్టారూ, మేం సంతకం పెట్టేస్తాం,” అన్నారాయన.

నిజమే, చెయ్యి వేసి చూడడమే కనకరాజు పద్ధతి. ఏ పిస్టలైనా ముందు తను పట్టుకుంటాడు. కళ్లు మూసుకుని చెయ్యి చాస్తాడు. కళ్లు తెరిచేసరికి గొట్టం కొసనున్న గుర్తు వెనకవైపు గాడిలో నిలకడగా కనపడాలి. కనపడిందా, అది మంచి పిస్టల్. లేదా, ఎంత పేరున్న కంపెనీదైనా ఆయనకి పనికిరాదు. డిపార్టుమెంటులో అధికారులు కూడా ఆ మాటకి ఎదురు చెప్పేవారు కారు.

అయితే అప్పటికి ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం, పిల్లల ముందు కుడిచెయ్యి జేబులో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. నిద్ర చాలడంలేదని ఒకరోజు, షుగరేమోనని ఒకరోజు సర్దిచెప్పుకున్నాడు. గురి నేర్పే మాస్టారికి చెయ్యి వణుకుతోందంటే ఊరు నవ్వదూ! ఇంట్లో భార్య లక్ష్మీకాంతానికి కూడా చెప్పలేదు.

హైదరాబాదు నుంచి డీలరు మనిషి రెండు పిస్టళ్లు తెచ్చాడు. మొదటిది తేలిక, చిన్న చేతికి సరిపోయే చెక్కపిడి. రెండోది ముందువైపు బరువు. కనకరాజు మొదటిది పట్టుకుని కళ్లు మూసి తెరిచాడు. గుర్తు గాడిలో నిలవలేదు, అటూ ఇటూ కొట్టుకుంది. మళ్లీ చూశాడు, మళ్లీ అంతే. రెండోది పట్టుకున్నాడు. బరువుకి చెయ్యి అణిగింది, గుర్తు నిలిచింది. ఆయన ప్రాణం లేచొచ్చింది.

“ఇదీ పిస్టలంటే. అది ఉత్త డొల్ల,” అన్నాడు.

వీరదుర్గ రెండింటితోనూ అయిదేసి తూటాలు కాల్చింది. మొదటిదాంతో అయిదూ నల్లటి వలయం నడుమే పడ్డాయి.

“మాస్టారూ, నాకు మొదటిదే చేతిలో సరిగ్గా కూర్చుందండి,” అంది భయపడుతూనే.

“అయిదు తూటాలకేం తెలుస్తుందమ్మా? పోటీలోలాగా అరవై కాల్చు, అప్పుడు తెలుస్తుంది. తేలికది ఎప్పుడో దగా చేస్తుంది,” అన్నాడు.

ఆ పిల్ల పిస్టల్ బల్లమీద పెట్టేసింది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పే పెంపకం కాదు. వేంకటాచలం గారు సంతకం పెట్టేశారు.

బరువు పిస్టల్ అయిదు నెలలకి వచ్చింది. మొదటి పదీ బాగానే పడేవి. ఇరవై దాటేసరికి వీరదుర్గ మణికట్టు లాగేసి గుళ్లు కిందికి జారేవి. కనకరాజు మండిపడేవాడు. “చేతిలో సత్తువ లేదు, తిండి సరిగా తినవు, వ్యాయామం చెయ్యవు,” అని రోజూ అదే పాట. ఇటుకని తాడుతో కట్టి ఎత్తి పట్టుకోమనేవాడు. ఆ పిల్ల ఇంటి దగ్గర కూడా ఇటుక పట్టుకుని నిలబడేది. మణికట్టు వాచింది. గుడ్డ చుట్టుకుని వచ్చేది. నొప్పెడుతోందని చెబితే సాకులు అంటాడని చెప్పడం మానేసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తప్పు తన ఎంపికలోనే ఉందేమోనని ఆయనకి అనుమానం వచ్చింది. దాన్ని అక్కడే నొక్కేశాడు. ఇలాంటి మనిషిని చూస్తే జాలి కంటే ముందు కోపం వస్తుంది.

సెలక్షన్‌లో వీరదుర్గకి నాలుగు పాయింట్ల తేడాతో జట్టులో చోటు తప్పిపోయింది. తిరుగు రైల్లో మాస్టారూ, తండ్రీ కూతుళ్లూ తాడేపల్లిగూడెం దాకా వెళ్లారు. నిజానికి ఏలూరులోనే దిగాల్సింది. బావమరిది ఇంట్లో శుభకార్యం ఉందని బుల్లిరాజు మాస్టారిని కూడా గూడెం రమ్మన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఆ పిల్ల తండ్రితో, “నా చెయ్యే పనికిరానిది నాన్నా, మాస్టారు ఎంత చెప్పినా నాకు రాలేదు,” అంది. పక్కనే నిలబడ్డ కనకరాజు విన్నాడు. విని ఊరుకున్నాడు.

ఆ తరవాత ఆమె క్లబ్బుకి రాలేదు. రెండు నెలలకి లక్ష్మీకాంతం మొగుడి చేతిలోంచి పప్పు గిన్నె జారిపడడం చూసి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. నరాల జబ్బు అన్నాడు డాక్టరు. మందులతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు అన్నాడు. ఎన్నాళ్లుగా ఉందని అడిగితే కనకరాజు మాట మార్చాడు. ఇంటికొచ్చాక భార్యకి అంతా చెప్పేశాడు.

“ఏవండీ, ఆ పిల్ల తన చెయ్యే మంచిది కాదనుకుని కూర్చుందండి. మీరెళ్లి చెప్పాలి కదండీ,” అంది లక్ష్మీకాంతం.

మర్నాడు బస్సెక్కాడు. కలిదిండిలో ఇంటి పక్క చెరువుగట్టు మీద వీరదుర్గ మేత బస్తాలు లెక్కచూస్తోంది. మణికట్టుకి ఇంకా పట్టీ ఉంది. మాస్టారిని చూసి లేచి నిలబడింది, కుర్చీ తెచ్చింది. ఆయన కూర్చోలేదు.

“నీ చేతిలో లోపం లేదమ్మా. వణికింది నా చెయ్యి. ఆ వణుకు చూసి పిస్టల్ మంచిది కాదనుకున్నాను. నిన్ననే డాక్టరు చెప్పాడు, నరాల జబ్బుట.”

ఆ పిల్ల మొహం ఒక్కసారి తేటపడింది. నెలల తరబడి మోస్తున్న నింద దిగిపోయినట్టుంది. అంతలోనే ఏదో అనుమానం తట్టింది.

“ఆ రోజు మీకు తెలియదు కదండీ మాస్టారూ? డాక్టరు చెప్పాకే కదా తెలిసింది?”

అవునంటే సరిపోయేది. ఆమె నమ్మేసేది. జబ్బు మనిషి అని జాలిపడేది కూడా. కనకరాజుకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“తెలుసమ్మా,” అన్నాడు. “వణుకుతోందని తెలుసు. నువ్వు ఇటుక పట్టుకుని నిలబడ్డప్పుడూ తెలుసు. స్టేషన్‌లో మీ నాన్నతో నువ్వన్న మాటా విన్నాను.”

వీరదుర్గ మేత బస్తాల మూతులు కట్టేసింది. ఏడవలేదు. ఇంట్లోకి వెళ్లి కంచం పెట్టింది. “వేళయింది, భోంచెయ్యండి,” అంది. ఆయన వద్దనలేకపోయాడు. కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్లేసరికి సగం మెతుకులు ఒళ్లోనూ నేలమీదా పడుతున్నాయి. ఆమె అది చూస్తూనే మారు వడ్డించింది, మజ్జిగ పోసింది, చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది.

గుమ్మం దాకా వచ్చి, మర్యాదగానే చెప్పింది.

“జాగ్రత్తగా వెళ్లండి మాస్టారూ. ఇంక మా ఇంటికి మాత్రం రాకండి.”