జేజి చూస్తాడు

నిన్న సాయంత్రం మా మనవడి భార్య చంటిదాన్ని క్రీస్తు పటం ముందు నిలబెట్టి, "జేజికి దణ్ణం పెట్టమ్మా" అంది. మనవడి భార్యది గుంటూరు. చంటిది పటాన్ని వదిలేసి గిరుక్కున నావైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. కోస్తాలో పసిపిల్లలకు జేజి అంటే దేవుడు. మా చిత్తూరు జిల్లాలో జేజి అంటే నాయనమ్మ. ఇంట్లో చిన్నా పెద్దా నన్ను పిలిచేది ఆ మాటతోనే. దేవుడికి రావలసిన దణ్ణం నేను పుచ్చుకుని, నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను. ఈ పొరపాటు నాకు కొత్త కాదు. పెండ్లయిన కొత్తలో ఒకసారి సర్కారన్న నోట విన్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మా ఆయన పాదిరి చదువు కోసం వేదాంత పాఠశాలలో చేరాడు. పెండ్లయిన విద్యార్థులు భార్యలను తెచ్చుకోవచ్చు. మాకు వేరే తరగతి, పాటలూ బైబిలు కథలూ. అంత కలగూరగంప బడిని నేను మళ్ళీ చూడలేదు. ఆర్కాటు నుంచి వచ్చినతను అరవంలో మొదలుపెట్టి తెలుగు క్రియతో ముగించేవాడు. పోలీసు ఉద్యోగం వదిలి వచ్చిన ఒక నెరిసిన మీసాలాయన, పాఠం అర్థమైతే లేచి సలాం కొట్టేవాడు. ఊళ్ళో పెద్దిండ్ల వాళ్ళూ మాలపల్లె వాళ్ళూ ఒకే వరుసలో కూర్చుని తినాలని నియమం. మొదటి వారం కొందరికి ముద్ద గొంతు దిగలేదు, తర్వాత ఆకలే దింపింది. అన్నమా రాగి సంగటా అనే తగవు మాత్రం చాలాకాలం సాగింది. దాన్ని తీర్చింది పాఠశాల పెద్ద అయిన దొరగారు కాదు, బియ్యం కరువు. అందరికీ సంగటే వడ్డించారు.

సర్కారన్న కృష్ణా తీరం మోతుబరి బిడ్డ, సర్కారు జిల్లాల నుంచి వచ్చాడని బడిలో అందరూ అలా పిలిచేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్న రోజే వాళ్ళ నాన్న గడప తొక్కవద్దన్నాడట, తల్లి తలుపు వెనక నుంచి బయటికి రాలేదట. చదువులో ముందుండేవాడు. తెలుగు మాట్లాడితే అచ్చుపుస్తకం చదివినట్టుండేది, అదే అతని కొంప ముంచింది. ప్రతి విద్యార్థీ పల్లెల్లో ప్రసంగం చేయాలి, అయ్యాక దొరగారు ఊరివాళ్ళను ఏం అర్థమైందని అడుగుతారు. సర్కారన్న విషయంలో రెండు ఊళ్ళూ ఒకే జవాబిచ్చాయి: "బాగా సెప్పినాడు దొరా, ఏం సెప్పినాడో తెలీల్యా." మూడోసారీ ఇంతే అయితే ఏ సంఘాన్నీ అప్పగించలేనని దొరగారు తేల్చేశారు. ఆ మాట విని వచ్చి మా వసారాలో కూలబడి, "పంపేస్తే ఎక్కడికి పోవాలి చెల్లెమ్మా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక బడి బడంతా అతనికి గురువులయ్యారు. యాడ, ఈడ, ఆడ అని ఎక్కాల్లా వల్లె వేసేవాడు. ఆర్కాటతను తన అరవం మాటలు నాలుగు కలిపి, అవి చిత్తూరు మాటలేనని నమ్మించాడు.

మూడో ప్రసంగం, విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరుపడ్డ పుత్తూరు దగ్గర పల్లెలో. పాటలు పాడడానికి నేనూ వెళ్ళాను. పూరి పాకలో ముందు పిల్లలు, పక్కన ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య వక్కాకు నములుతూ ఒక ముసలమ్మ. సగం ఊరి పిల్లలకు ఆమే జేజి. సర్కారన్న ఈసారి పెద్ద మాటలన్నీ మానుకుని, చిన్నప్పుడు వాళ్ళమ్మ తనతో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"పిల్లలూ, ఎవరి చేలో అయినా చెనక్కాయలు పెరికి, ఎవరూ చూడలేదనుకోకండి. జేజి చూస్తాడు."

పిల్లలందరూ ముసలమ్మ వైపు తిరిగారు. ఇద్దరు పిల్లలు లేచి బయటికి పరుగు. ముసలమ్మ సగం లేచింది. "ఓరి మీ పాసుగాలా, నా సేన్లో పెరికింది మీరేనా! నేను సూళ్ళేదు నాయనా, సూసింటే కాళ్ళిరగ్గొట్టి పుత్తూరు కట్టుకు పంపించింటా!"

పాక ఎగిరిపోయేలా నవ్వారు. దొరగారు ఏమీ అర్థంకాక అటూ ఇటూ చూశారు. నేనే ఉండబట్టలేక, "అన్నా, ఈడ జేజంటే నాయనమ్మ" అన్నాను. అతను చేతిలోని బైబిలు మూసేశాడు. ఇక ఇతని పని అయిపోయిందనుకున్నాను.

అతను వచ్చి ముసలమ్మ ముందు చాప మీద కూర్చున్నాడు. "అమ్మా, ఆ పిల్లలు భయపడి ఇంటికి రాకపోతే ఏం చేస్తారు?"

"ఏం జేసేది? సంగటి మూసిపెట్టి వాకిట్లో కూసోనుంటా. కొట్టేది తిన్నాకే."

"నేను చెప్పాలనుకున్న దేవుడూ అంతేనమ్మా" అన్నాడు. అతనికి ఏ వాకిలి మూసుకుపోయిందో ఆ పాకలో తెలిసింది మా బడివాళ్ళకే.

దొరగారు అలవాటుగా, "మీకేమి బోధపడినది?" అని అడిగారు.

"తప్పు జేసినోడు ఇంటికి రావాలంట దొరా. కూడు మూసిపెట్టింటాదంట. ఈయప్పను మాకే ఇయ్యి. తెలీంది అడుగుతాడు" అంది ముసలమ్మ.

దొరగారు ఆ సంఘాన్నే అతనికి ఇచ్చారు. చాలా ఏళ్ళకు, వాళ్ళ నాన్న పోయాక, తల్లి ఒంటరిగా రైలెక్కి వచ్చింది. ఆమెను దించుకోవడానికి రేణిగుంటకు నేనూ వెళ్ళాను. నెరిసిన జుట్టుతో సర్కారన్న పసివాడిలా పరుగెత్తాడు. "ఎన్నాళ్ళకొస్తివి మా! బిన్నా రా, బండి ఆడుండాది. అలుపయిండాదా?" ఆమె కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఏడుస్తూనే నావైపు తిరిగి, "మావాడేమంటున్నాడమ్మా?" అంది. "తొందరగా రమ్మంటున్నాడు, బండి అక్కడుందట, అలసిపోయారా అంటున్నాడు" అని నేను తెలుగును తెలుగులోకి మార్చి చెప్పాను. పరాయి ఊరి మాట నాలుకకు ఎప్పుడు పట్టిందో మనిషికి తెలియదు; కన్నతల్లి అర్థంకాక పక్కవాళ్ళను అడిగిన రోజున గానీ, అన్నేళ్ళు గడిచిపోయాయని తెలిసిరాదు.