ఇప్పపువ్వు తెంపిన గోడ

గోడ మీద ఏదన్నా ఉంటే చూడకుండా ముందుకు కదలలేను. ట్యూషన్ ప్రకటనలు, ఎన్నికలప్పటి సగం చెరిగిన గుర్తులు, వాటి కింద ఎవరో రాసిన వెక్కిరింతలు, అన్నీ నిలబడి చదువుతాను. ఇంట్లోవాళ్లు నాతో బజారుకు రావడం మానేసింది అందుకే. కొత్తగూడెంలో ఆదివారం పొద్దున వీధి గోడల మీది బొమ్మలు చూపిస్తూ నడిపిస్తారని తెలియగానే పేరు రాయించుకున్నాను. నాతోపాటు అక్కను కూడా లాక్కెళ్లాను.

అక్కంటే సొంత అక్క కాదు. పాల్వంచ అవతల అడవిలోని ఆశ్రమ పాఠశాలలో నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ అక్కడ వంట చేసిన కోయ మనిషి. మోకాళ్ల నొప్పులకు దవాఖానాలో చూపించుకుందామని వచ్చి మా ఇంట్లో దిగింది. ఈ మోకాళ్లతో నడకేందని అడిగింది. మెల్లగా నడుద్దాంలే అన్నాను. నా కుతూహలానికి ఎదుటివాళ్ల మోకాళ్లు ఆనవు.

నడిపించే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. బొగ్గుబావి కార్మికుడి బిడ్డ. ఆ బొమ్మలన్నీ తను గీసినవే, గోళ్ల సందుల్లో ఇంకా నీలిరంగు ఉంది. మేము పదిమందిమి, అందులో మున్సిపాలిటీ ఆఫీసరు ఒకాయన. ఈ నడక ఆయనకు నచ్చితే బస్టాండు దారిలోని పొడవాటి గోడ కూడా తనకే వస్తుందని అమ్మాయి ముందే నా చెవిన వేసింది. నవ్వుతూనే చెప్పింది గానీ చున్నీ కొసను వేలికి చుట్టడం మాత్రం ఆపలేదు.

మొదటి బొమ్మ క్వార్టర్ల పక్క గోడ మీద ఉంది. నెత్తిన దీపం పెట్టుకున్న గని కార్మికుడు. ఒక భుజం కిందికి వాలింది ఎందుకని అడిగాను. అది వాళ్ల నాన్నేనట. నైట్ షిఫ్టు దిగి వచ్చినాయన్ని కూర్చోబెట్టి గీస్తుంటే కూర్చున్నచోటే నిద్రపోయాడట. ఆ మాటకు ఆఫీసరు కూడా నవ్వాడు. అమ్మాయి వేలు చున్నీని వదిలింది.

రెండు సందులు తిరిగాక ఇప్పచెట్టు గోడ వచ్చింది. రోజూ ఆటోలోంచి చూస్తూ మురిసిపోయే గోడే అది. కొమ్మల నిండా లేత పసుపు పూలగుత్తులు. వీపున బుట్ట కట్టుకుని, చెయ్యి పైకి చాచి పువ్వు తెంపుతున్న అడవి ఆడమనిషి. అందరూ ఫోన్లు తీశారు. అక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఎందుకు నవ్వుతున్నావని అడిగాను. ఏం లేదంది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను? చెప్పు చెప్పు అని సతాయించాను, అదీ అందరికీ వినపడేలా. చివరికి చెప్పింది.

"ఇప్పపువ్వు ఎవరన్న తెంపుతరా టీచరమ్మా? తెల్లారేసరికి అదే రాలుతది, ఏరుకుంటం. పువ్వు రాలినకాడనే కాయ అయితది. గిట్ల తెంపితే నూనెకు కాయ ఏడికెళ్లి వస్తది?"

ఆఫీసరు ఫోను దించాడు. అంటే బొమ్మ తప్పా అని అడిగాడు. నాకు నాలుక కరుచుకోవాలనిపించింది. అన్నేళ్లు అడవి బడిలో పనిచేసి, అక్క వేయించిపెట్టిన ఇప్పపువ్వు గుప్పెళ్లకొద్దీ తిని, అది ఎలా వస్తుందో ఒక్కరోజూ అడగలేదు. అడగకూడని చోట మాత్రం అడిగి ఈ పిల్ల గోడకు ఎసరు పెట్టాను. సిగ్గేసింది.

అమ్మాయి మొహం పాలిపోయింది. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు, ఇది కళ సార్ అనొచ్చు. అనలేదు.

"తప్పే సార్. నేనెన్నడు చూడలే. ఫోనుల చాయ్ తోటల ఆకు తెంపేటోళ్ల బొమ్మ చూసి గీసిన."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, ముందు ఈ గోడ సరిచెయ్యండి, బస్టాండు గోడ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. మిగతా నడకంతా అమ్మాయి అక్క పక్కనే నడిచింది. బుట్ట ఎక్కడ పెడతారు, ఎన్నింటికి లేస్తారు, ఎవరెవరు వస్తారు అని ఒకటే ప్రశ్నలు. నాకంటే ఎక్కువ అడిగే మనిషిని మొదటిసారి చూశాను. పువ్వు రాలేటప్పుడు మా ఊరికి రమ్మంది అక్క. ఒక్క షరతు పెట్టింది. ఏ ఇంటి చెట్టు ఆ ఇంటిదే, పక్కవాళ్ల చెట్టు కింద ఒక్క పువ్వు కూడా ముట్టొద్దు.

ఎండాకాలం మొదట్లో అమ్మాయి నిజంగానే వెళ్లి మూడు రోజులుంది. తిరిగొచ్చి గోడకు సున్నం కొట్టి మళ్లీ గీసింది. ఆఫీసరు వచ్చి చూసి బస్టాండు గోడ ఇచ్చేశాడని ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం మాత్రం లేదు. పెద్దమ్మ ఎప్పుడొచ్చి చూస్తదని అక్క గురించి అడిగింది.

అక్క మళ్లీ దవాఖానాకు వచ్చినప్పుడు ముగ్గురం ఆ గోడ దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు చెట్టు మీద చెయ్యే లేదు. కింద ఆకులు కాల్చి ఊడ్చిన నల్లటి నేల, నేల మీద పూలు, వంగి ఏరుతున్న మనిషి, పక్కన బుట్ట. చెట్టు మొదట్లో ఒక పక్క బెరడు లేచిపోయి ఉంది. అక్క దగ్గరికెళ్లి ఆ బెరడు లేచిన చోటును అరచేత్తో తడిమింది. అమ్మాయి వేలు మళ్లీ చున్నీలోకి వెళ్లింది.

రంగు ఎంత మందంగా ఉందో చూద్దామని కింద గీసిన ఒక పువ్వు మీదికి నేను వేలు పోనిచ్చాను. అక్క టక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు టీచరమ్మా. అది మా చెట్టు."