ఉన్ని కోత రోజున మంచు సూచన

1982 మార్చిలో నేను వయోమింగ్ రాష్ట్రంలో, రాకీ పర్వతాల తూర్పు వాలు కింద ఉన్న ఒక వాతావరణ కార్యాలయంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అక్కడ హోదాలు మూడు. అందరికీ పైన ఆఫీసు అధిపతి. ఆయన కింద షిఫ్టుకొకరు చొప్పున లీడ్ ఫోర్‌కాస్టర్లు. వాతావరణ సూచన రాసేదీ, దానికి జవాబు చెప్పుకునేదీ వాళ్లే. వాళ్ల కింద మాలాంటివాళ్లం. బెలూన్ ఎగరేయడం, పడిన మంచు కొలవడం, టెలిటైప్ చూసుకోవడం, ఫోన్లు ఎత్తడం మా పని. సూచన మీద మాకు అభిప్రాయం ఉండవచ్చు, అధికారం ఉండదు.

నాకు డిగ్రీ లేదు. షామ్‌బర్గ్ అనే ఊరి దగ్గర ఒక కర్మాగారంలో లేత్ మీద పనిచేస్తూ, లైబ్రరీవాళ్లు వదిలించుకున్న పాత పుస్తకాలు చదివి, పరీక్ష రాసి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. గొప్ప కోసం చెప్పడం లేదు. నేను నోరు తెరవగానే "ఎక్కడ చదివారు?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మొన్న బాతెల్ అనే ఊళ్లో ఎవరింట్లోనో పార్టీకి వెళితే ఒక కుర్రాడు ఫోన్‌లో ఏదో జోకు చూపించి, "అంకుల్, వెదర్ వాళ్లు రాంగ్ చెప్పినా జాబ్ పోదట కదా! బెస్ట్ జాబ్!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. తప్పు ఎక్కడ పుడుతుందో వీళ్లకేం తెలుసు? లెక్క రాక జరిగే తప్పు ఉంది, ఒప్పుకుంటాను. లెక్క వచ్చి కూడా, చెప్పడానికి మొహమాటపడితే జరిగే తప్పు ఇంకొకటి ఉంది. ఆ రెండోదాని గురించే ఈ నాలుగు మాటలు.

మా ప్రాంతపు సంగతి కొంచెం చెప్పాలి. నడి చలికాలంలో తుఫాన్లు పడమటి నుంచి వస్తాయి. మంచంతా కొండలే తీసుకుంటాయి, ఇవతల ఉన్న మాకు గాలి తప్ప ఏమీ మిగలదు. మార్చి వచ్చేసరికి కథ మారుతుంది. అల్పపీడనం మాకు దక్షిణంగా, నెమ్మదిగా నడుస్తుంది. అప్పుడు దాని చుట్టూ తిరిగే గాలి తూర్పు నుంచి తేమ మోసుకొచ్చి కొండవాలు ఎక్కుతుంది, ఎక్కుతూ చల్లబడుతుంది, చల్లబడి మంచు కుమ్మరిస్తుంది. అది దూదిలాంటి మంచు కాదు. తడిసిన బొంతలా బరువుగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి రైతులు సూడి గొర్రెలకు, ఈనక ముందే, ఉన్ని కత్తిరిస్తారు. కోత అయిన గొర్రెకు కొన్నాళ్లపాటు ఒంటి మీద ఏ రక్షణా ఉండదు. తడి మంచు, ఈదురుగాలి కలిసి వస్తే నిలబడ్డచోటే పడిపోతుంది. అందుకే మేం మామూలు సూచనతో పాటు పశువుల హెచ్చరిక అని వేరే ఒకటి ఇచ్చేవాళ్లం.

ఆ మార్చిలో ఒకనాడు రాత్రి షిఫ్టు వాల్టర్‌ది. ఆ కొండల కింద జీవితమంతా సూచనలు రాసిన మనిషి, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డాడు. తెల్లవారుజామున, మర్నాటికి కొండవాలు మీద రెండు నుంచి నాలుగు అంగుళాల మంచు అని రాసి రేడియోలకు పంపాడు. అప్పటికి వచ్చిన వాతావరణ పటాలను బట్టి అది సరైన సూచనే. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కింది ప్రసాద్. మనవాడే. విశాఖలో ఎమ్మెస్సీ చదివి వచ్చినవాడు, నాకంటే చాలా చిన్నవాడు, హోదాలో నాకు పై అధికారి. ఆ కొండల గాలిని అతనికి నేర్పింది వాల్టరే.

కాసేపటికి ఫాక్స్ యంత్రం మీద కొత్త పటాలు దిగాయి. ప్రసాద్ వాటిని బల్ల మీద పరిచి చాలాసేపు వంగి చూశాడు. అల్పపీడనం అనుకున్నదానికంటే బలపడింది, నడక తగ్గింది.

"సత్యం గారూ, ఇది అడుగు దాటుతుందండీ. అడుగున్నర పడినా ఆశ్చర్యం లేదు."

"అయితే రాయండి."

"ఇప్పుడు నాలుగు నుంచి ఎనిమిది అని రాస్తా. మధ్యాహ్నం అప్‌డేట్‌లో ఇంకాస్త పెంచుతా. సాయంత్రానికి అసలు నంబర్‌కి వెళ్లిపోతాం."

ఇది అతని సొంత తెలివి కాదు, మా వృత్తి ఆచారం. డ్యూటీ దిగినవాడు రాసినదాన్ని ఎక్కినవాడు ఒక్క దెబ్బన తిప్పకూడదు. అలా తిప్పడాన్ని ఫ్లిప్-ఫ్లాప్ అని వెక్కిరిస్తారు. మార్చక తప్పకపోతే మెట్టు మెట్టుగా మార్చాలి. ఇందులో న్యాయం లేకపోలేదు. పటాలు పూటకో మాట చెబుతాయి, వాటి వెంట పరుగెత్తేవాడు జనంలో నవ్వులపాలవుతాడు. కానీ ఆ న్యాయం వెనక తోటివాడి పరువు కాపాడే మర్యాద కూడా దాక్కుని ఉంటుంది. దానికి మన తెలుగు మొహమాటం తోడైతే ఇక చెప్పనక్కర్లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. హెలెన్ అనే ఆవిడ. కొండ కింద గొర్రెల రాంచ్ నడుపుతుంది, వారానికి ఒకసారైనా మాకు ఫోన్ చేస్తుంది. కొండవాలుకు రేపు ఎంత అని అడిగింది. ఫోన్‌లో మేం చెప్పాల్సింది అప్పటికి అమల్లో ఉన్న సూచన మాత్రమే, సొంత కవిత్వం కుదరదు. రెండు నుంచి నాలుగు అంగుళాలని చదివాను.

"అంతేనా! బతికాం. మిషన్లు ఆన్ చేయమంటా" అంది.

ఏం మిషన్లు అని అడిగాను.

"కోత మిషన్లు. ముఠా పొద్దున్నే దిగింది. ఇవాళ కాదంటే ఇంకో రాంచ్‌కి పోతారు. మళ్లీ వాళ్లు వచ్చేసరికి నా గొర్రెలు ఈనుతుంటాయి."

ఆమె షెడ్డులో మందలో మూడో వంతు కూడా పట్టదని నాకు తెలుసు. కోత అయ్యాక తక్కినవి ఆరుబయటే ఉండాలి. అప్పుడే మొదలుపెట్టవద్దనీ, కాసేపట్లో నేనే ఫోన్ చేస్తాననీ అన్నాను.

"ఇప్పుడేగా చదివావు?"

"చదివాను. మళ్లీ చదివి చెబుతాను."

"నీకు చదవడం వచ్చేలోపు వీళ్లు నా కాఫీ అంతా తాగేస్తారు" అని పెట్టేసింది.

ప్రసాద్‌కు సంగతంతా చెప్పాను. అతను పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు.

"ఆయన్ని ఎలా చిన్నబుచ్చమంటారండీ? మొదటి చలికాలం ఇక్కడ నేను నిలబడ్డానంటే ఆయన వల్లే కదా. రేపో మాపో వెళ్లిపోయే మనిషి."

నాకు కోపం వచ్చింది. మీరు అనే మాట వదిలి నువ్వులోకి దిగాను.

"మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఉంది, విన్నావా? ఇక్కడ అవస్థ పడేది నువ్వూ కాదు, వాల్టరూ కాదు. ఆ గొర్రెలు. అడుగు అనుకుంటూ నాలుగు అని రాస్తే దాన్ని మర్యాద అనరు, అబద్ధం అంటారు."

"అబద్ధం అనకండి."

"ఇంకేమనమంటావు?"

 అతను లేచి, కోటు కూడా వేసుకోకుండా పార్కింగ్ లాట్‌లోకి వెళ్లాడు. పక్క గదిలో రాత్రి రికార్డులు ముగించుకుని అప్పుడే బయటికి వెళ్లిన వాల్టర్ కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీక్కుంటున్నాడు. కోటు ఇద్దామని నేనూ వెనకాలే వెళ్లాను కాబట్టి వాల్టర్ మాటలు విన్నాను. ఒక్క విడత పటాలు చూసి రాత్రంతా తను చేసిన పని అవతల పారేస్తావా అని అడిగాడు. రేపు ఎండ కాస్తే ఆఫీసు పరువేం కావాలన్నాడు. చివరికి, "షిఫ్ట్ నీది. నన్ను అనుమతి అడగకు, నేనివ్వను" అని కారెక్కి తలుపు వేసుకున్నాడు.

ప్రసాద్ లోపలికి వచ్చి టైపు కొట్టాడు. పన్నెండు నుంచి పద్దెనిమిది అంగుళాలు, బలమైన తూర్పు గాలి, పశువుల హెచ్చరిక. మెట్లేమీ లేవు. నేను దాన్ని హెలెన్‌కు చదివి వినిపించాను. ఆమె ముందు నన్నూ, తర్వాత మా ఆఫీసునూ తిట్టింది. ఆ మాట మొదటే చెప్పడానికి ఏం రోగం అంది. తర్వాత, షెడ్డులో పట్టినన్ని గొర్రెలకే కోత వేయించి, తక్కినవాటిని ఉన్నితోనే ఉంచింది. ముఠా మేస్త్రీ అలిగి వెళ్లిపోయాడట.

మర్నాడు పొద్దున ఆకాశం నీలంగా ఉంది. రేడియోవాళ్లు ఫోన్ చేసి, మీ అడుగున్నర మంచు ఏ రాష్ట్రంలో పడుతోందని అడిగారు. ప్రసాద్ ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు. మధ్యాహ్నం దాటాక గాలి తూర్పుకు తిరిగింది, పొద్దు వాలేలోపు మంచు పట్టుకుంది. ఆగాక మా మంచు పలక మీద కొలిస్తే ఎనిమిది అంగుళాలు.

ఎనిమిది! వాల్టర్ నాలుగుకూ ప్రసాద్ పన్నెండుకూ సమానమైన దూరం. మా లెక్కలో రెండూ తప్పే. అయితే వాల్టర్ సూచన అప్పటికే రద్దయింది కాబట్టి తప్పు ప్రసాద్ ఒక్కడి ఖాతాలో పడింది. ఆ ఏటి సమీక్షలో అధిపతి అతనికి తొందరపాటు అనే మాట అంటగట్టాడు. అతను దాని కింద సంతకం పెట్టి ఇచ్చేశాడు. నాకు మాత్రం ఈనాటికీ ఆ మాట తలుచుకుంటే మంటే. మంచు లోతు కొలిచారు, గాలిని ఎవరు కొలిచారు? ఆ రాత్రి కొండవాలు మీద మంచు నిలువుగా పడలేదు, అడ్డంగా కొట్టింది.

ఈ సంగతి నాకు చెప్పింది హెలెనే. ఎనిమిది అంగుళాలకు ఇంత హడావుడి చేశావా అని మొదలుపెట్టింది. ఉన్ని ఉన్నవాటిలో కొన్ని కంచె మూలన కూరుకుపోయి చచ్చాయట. కోత అయినవి షెడ్డులో అన్నీ బాగున్నాయి. పక్క రాంచ్ అతను తెల్లవారి రేడియోలో రెండు నుంచి నాలుగు అని విని, వెంటనే కోత మొదలుపెట్టాడట. మిషన్ల హోరులో తర్వాతి సూచన అతని చెవిన పడలేదు. అతని మంద గురించి ఆమె ఎక్కువ చెప్పలేదు. 

వాల్టర్ ఆ వసంతంలోనే రిటైరయ్యాడు. వీడ్కోలు విందులో ప్రసాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేపల వేట గురించి మాట్లాడాడు. ఆ తుఫాను ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

మెట్టు మెట్టుగా చెప్పేవాడు, వినేవాడు కూడా ప్రతి మెట్టు దగ్గరా ఆగి వింటాడనుకుంటాడు. పని ఉన్న మనిషి రోజుకు ఒక్కసారి వింటాడు, వినగానే పనిలోకి దిగుతాడు. అందుకే మొదటి మాటే మన దగ్గరున్న అసలు మాట అయి ఉండాలి. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఫోన్ ఎత్తగానే సూచన చదవలేదు. రేపు మీరేం పని పెట్టుకున్నారని ముందు అడిగేవాణ్ని.