పటం కట్టిన ఉత్తరం

నాకు అనుమానం జబ్బుంది. కన్నతల్లి సంతకం చూపించినా భూతద్దం అడిగే రకమని మా ఆవిడ దెప్పుతుంది. ఏం చేయను? ఉద్యోగమంతా రిజిస్ట్రేషను ఆఫీసులో, దొంగ సంతకాల మధ్య గడిచింది. చచ్చినవాడి వేలిముద్ర కూడా నా బల్ల మీదికి వచ్చిందంటే నమ్ముతారా! అలాంటివాణ్ణి రిటైరయ్యాక పాత ఉత్తరాలూ పెద్దవాళ్ళ సంతకాలూ పోగుచేసే పిచ్చిలో పడ్డాను. ఇక్కడ అనకాపల్లిలోనే ఎంతమంది వచ్చారని! టీ నీళ్ళలో ముంచిన కాగితం ఒకడు తెస్తే, పొగబెట్టిన కాగితం ఇంకొకడు తెచ్చాడు. అందరినీ గుమ్మంలోంచే పంపేశాను.

నాకు దొరకనిది ఒక్కటే సంతకం. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళిన మా వైపు పెద్దాయనది. దానికోసం నేను ఎక్కని గుమ్మం లేదు; చూడనిచ్చారే గానీ ఎవరూ ఇవ్వలేదు. ఆ సంగతి ఎవరు చెప్పారో, బుచ్చయ్యపేట వైపు నుంచి అరవై దాటిన రైతొకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఫోనులో ఫోటో చూపించాడు. అద్దం వెనకాల ఒక ఉత్తరం. కింద, సాక్షాత్తూ ఆ సంతకమే.

"అమ్మడానికి కాదండి. ఇది అసలుదో కాదో మాయమ్మకి మీరు సెప్పాలండి," అన్నాడు.

అమ్మడానికి కాదన్నవాడే అందరికంటే పెద్ద బేరగాడని నా అనుభవం. ఎందుకు చెప్పాలని నిలదీశాను.

"మా మావయ్య కుర్రతనంలో ఆ పెద్దాయన ఎనకాల ఎల్లిపోయేడండి. మళ్ళీ రాలేదు. జైలు నించి ఈ ఉత్తరమొకటే వచ్చింది. 'ఆడు పెద్దాయనతో ఉన్నాడు, వత్తాడు' అని మా తాత అందరికీ సెప్పేడు. మాయమ్మకి ఇప్పుటికీ అదే నమ్మకం. పెద్దలకి పెట్టినప్పుడు మావయ్య పేరెత్తితే కొట్టడానికొత్తాది. మొన్న మా అల్లుడు, 'ఇది ఎవడో రాసిన దొంగ కాయితం' అనేసేడు. అప్పట్నించీ ఆవిడికి ముద్ద దిగడం లేదండి. ఇది దొంగదైతే మావయ్య కబురూ అబద్ధమే కదా!"

ఆ మావయ్య, అంటే ఆమె అన్న, బతికుంటే నూరేళ్ళు దాటాలి. ఆ లెక్క ఆమెకు ఎవరు చెబుతారు? కథ బాగుంది, మరీ బాగుంది అనుకున్నాను. అయినా ఆ సంతకం నన్ను నిలవనీయలేదు. మర్నాడే బస్సెక్కాను.

వాళ్ళమ్మ, తొంభైకి దగ్గరపడిన మనిషి, పటాన్ని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. నన్ను ఎగాదిగా చూసి కొడుకుతో అంది, "ఈ బాబు సంచీ బయటెట్టమను. ఈళ్ళు కాయితం మార్చేత్తారు." తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! సంచీ అరుగు మీద పెట్టి వచ్చాను.

అద్దంలోంచి చివరి వాక్యాలు కనబడుతున్నాయి. "మీ కుమారుడు మన జిల్లాకే పేరు తెచ్చాడు. ఇటువంటి బిడ్డను కన్న మీరు ధన్యులు." కింద సంతకం. కాగితం నాలుగు మూలలా పసుపు. అదిగో, అక్కడే పట్టుకున్నాననుకున్నాను. పసుపు పెట్టేది పెళ్ళి శుభలేఖకు గానీ జైల్లోంచి వచ్చిన ఉత్తరానికా? పాతదనిపించడానికి ఎవడో పూశాడు. పూసినవాడికి పద్ధతి తెలియలేదు.

"పటం విప్పాలమ్మా. విప్పకుండా నేను ఏదీ తేల్చను," అన్నాను.

"మా నాయిన కట్టిన పటం బాబూ. పసుపూ ఆయనే రాసేడు. బతికున్నన్నాళ్ళూ ఎవుర్నీ సెయ్యెయ్యనివ్వలేదు."

"అయితే నేను వెళ్ళొస్తాను."

ఆమె పటాన్ని కొంగుతో తుడిచింది. తర్వాత నా చేతికిచ్చింది.

తుప్పు పట్టిన మేకులు చాకు మొనతో లేపి, వెనక చెక్క తీసి, అంటుకుపోయిన కాగితాన్ని మెల్లగా ఊడదీశాను. వెలుతురుకు పెట్టి చూశాను. సిరా కాగితం పీచులోకి ఇంకిపోయింది, నిన్నమొన్నటి రాత కాదు. చివరి అక్షరం దగ్గర పాళీ ఎప్పటిలాగే గట్టిగా నొక్కుకుంది. ఇందులో దొంగతనం లేదు. ఇంత కాలానికి దొరికింది!

అప్పుడు వెనక్కి తిప్పాను.

ఇన్నేళ్ళూ చెక్కకు ఆనుకుని ఉన్న ఆ పక్క నిండా రాత. ఉత్తరం మొదలు ఇక్కడే. జైల్లో విషజ్వరం వచ్చిందనీ, మందు అందలేదనీ, కుర్రవాడు తన ఒళ్ళో తలపెట్టుకునే కన్నుమూశాడనీ ఆ పెద్దాయన రాశారు. అద్దంలోంచి అందరూ చదివింది ఓదార్పు మాటలు. పసుపు కనబడ్డాక ఆ ఇంట్లో చావు ఊహ ఎవరికి వస్తుంది? ఈ కబురు తన భార్యకు తెలియకూడదనే ఆ తండ్రి పసుపు రాశాడు. ఎంత పని చేశావయ్యా అని నాకు కోపం వచ్చింది. ఆ వెంటనే, కొడుకు చావు కబురుకు నాలుగు మూలలా పసుపు రాస్తూ కూర్చున్న ఆ మనిషి కళ్ళముందు కదిలాడు.

"ఏటి బాబూ, మాటాడవు? దొంగదేనా?"

"కాదమ్మా. అచ్చంగా ఆయన సంతకమే."

"సూసేవా!" అని కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. ముఖమంతా నవ్వే. "ఎనకాల కూడా ఏటో రాసుందే. సదువు బాబూ."

అంతా క్షేమమే అని రాశారమ్మా, అనేస్తే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేను కాగితాలను ఎలా చూస్తానో ఆమె నన్ను అలా చూస్తోంది. నావల్ల కాలేదు. మొదటినుంచీ చదివాను.

కొడుకు గోడకు జారగిలబడిపోయాడు. ఆమె ఏడవలేదు.

"మాయమ్మ సచ్చిపోయేదాకా ఈదివైపే సూసీది," అంది. "నాయిన సెప్పొద్దా?"

చెయ్యి చాపింది, ఇచ్చాను. కళ్ళకద్దుకుంది. తర్వాత ఆ ఉత్తరాన్ని నిలువునా, సంతకం మీదుగా చింపింది.

"అమ్మా!" అని అరిచాను.

"సావు కబురు సదివేక ఇంట్లో ఉంచకూడదు బాబూ. నాయిన సెయ్యాల్సింది నాను సేత్తన్నాను." ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్ళీ చింపింది. కొడుకువైపు తిరిగింది.

"లెగరా, నీళ్ళు తోడు. మాయన్న పోయేడు. తలకి పోసుకోవాల."