విశ్రాంతమ్మ అడిగిన కాగితం

ఒక్క కాగితం. అది చేతికి రావడానికి విశ్రాంతమ్మకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆమె వెంట తిరిగినవాణ్ణి కనుక, కోపం రాకుండా ఈ సంగతి చెప్పడం నాకు చేతకాదు.

విశ్రాంతమ్మ మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను అదే బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాను. ఆమె భర్త ఆంథోని పాల్వంచ కరెంటు ప్లాంటుకు కాంట్రాక్టు కూలీగా వెళ్లేవాడు. ఆరేళ్ల కిందట పోయాడు. వాగు ఒడ్డున, అడవి మొదలయ్యే చోట, ఊళ్లో క్రైస్తవుల సమాధుల జాగా ఉంది. అక్కడే పూడ్చారు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె వెళ్లి సమాధి చుట్టూ గడ్డి పీకి వస్తుంది.

పోయిన జూన్‌లో అలా వెళ్లేసరికి సమాధుల మధ్య సున్నం గీతలు కనిపించాయి. అక్కడ చెత్త షెడ్డు కడతారట. మర్నాడే పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తింది. నేనూ వెళ్లాను.

"గ్రామసభల తీర్మానం అయిందమ్మా. అందరు ఒప్పుకున్నరు" అన్నాడు సెక్రెటరీ వీరేందర్.

"ఎవరు ఒప్పుకున్నరు? మావోళ్లు ఒక్కరు గూడ ఒప్పుకోలే. ఆ కాగితం సూపెట్టుండ్రి."

"గట్ల సూపెట్టరాదు."

ఎందుకు రాదు? ఊరి తీర్మానం ఊరివాళ్లు చూడకూడదా? నాకు ఒళ్లు మండింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు నేనే రాశాను. ఆ తీర్మానం నకలు, సంతకాల పేజీతో సహా ఇవ్వాలని. వీరేందర్ చదివి, "ఎందుకు అడుగుతున్నరో రాయలే సారూ" అన్నాడు. కారణం చెప్పనక్కర్లేదని చట్టంలోనే ఉందన్నాను. అయితే ముట్టినట్టు ముద్ర వేయడానికి స్టాంపు ప్యాడు ఎండిపోయిందన్నాడు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. పోస్టాఫీసు ఆ ఆఫీసుకు ఎదురుగానే ఉంది!

గడువు ముప్పై రోజులు. ముప్పై ఒకటో రోజున జవాబొచ్చింది: రిజిస్టరు ఆడిట్‌కు వెళ్లింది. మండలంలో పై అధికారికి అప్పీలు పెట్టాం. విచారణ రోజున ఆమె వంట తోటి వంటమనిషి సారక్కకు అప్పగించి, బస్సు దొరక్క షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తే, ఆయన ట్రైనింగ్‌కు వెళ్లారన్నారు. రెండో వాయిదాకు మీటింగు. మూడోసారి దొరికారు, విన్నారు, నకలు ఇమ్మని ఆర్డరు వేశారు. ఆ ఆర్డరు మా పంచాయతీ దాకా నడిచి రావడానికి ఇంకో రెండు నెలలు. ఈలోగా షెడ్డు పునాదులు లేచాయి. అంచున ఉన్న రెండు సమాధులు కంకర కుప్ప కింద పూడిపోయాయి. ఆ వరసలో తర్వాతది ఆంథోనిది.

"సంతకాలు ఎవరు పెట్టిన్రో తెలిస్తే సాలు సారూ" అనేది దారి పొడుగునా. "ఇంటింటికి పోయి అడుగుత. మా ఆయన మీద సెత్త పొయ్యమని రాయనీకి సేతులు ఎట్ల వచ్చినయ్ అని."

నేనేం తక్కువ తినలేదు. ఆ సంతకాలు పెట్టినవాళ్లను సిగ్గులేనివాళ్లన్నాను. అమ్ముడుపోయినవాళ్లన్నాను.

ఫిబ్రవరిలో పంచాయతీ ఆఫీసుకు పిలిచి కాగితం ఇచ్చారు. ఆమె దాన్ని అలాగే నా చేతిలో పెట్టింది. "సదువుండ్రి సారూ."

తీర్మానం చదివాను. కింద సంతకాలు. మూడు పేర్లు చదివి ఆగిపోయాను.

నాలుగోది విశ్రాంతమ్మది. పొరబడే వీల్లేదు. వయోజన విద్య రోజుల్లో ఆ సంతకం నేర్పింది నేనే. నెల రోజులు పలక మీద దిద్దించాను. ఒక్కో అక్షరం పేర్చినట్టు రాసి, చివర కింద గీత గీస్తుంది. ఆ గీత గీస్తే గాని ఆమెకు తృప్తి ఉండదు. సంతకం వచ్చాక చదవడం నేర్పుదామనుకున్నాను. స్కీము ఆగిపోయింది, నేనూ ఊరుకున్నాను.

ఆమె వంగి చూసింది. తన గీతను తాను గుర్తుపట్టింది.

"ఆ దినం సభ బడి కాడ అయింది. నేను అందరికి ఛాయ్ కాస్తున్న. సెక్రెటరీ పుస్తకం పొయ్యి కాడికే తెచ్చిండు" అంది మెల్లగా. "పేజీల ఏం రాసి లేకుండె సారూ. తెల్లగుండె."

మా ఊళ్లో గ్రామసభ అంటే అంతే. ముందు సంతకాలు, జనం ఇళ్లకు పోయాక తీర్మానాలు. ఏళ్ల తరబడి జరుగుతున్నదే. ఎవరికీ తప్పనిపించలేదు. చదువు చెప్పినవాణ్ణి, నాకూ అనిపించలేదు. అదే పేజీలో తొమ్మిదో సంతకం నాది.

ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె నా చేతిలోని కాగితం తీసుకుని, మడిచి కొంగున ముడేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

వీరేందర్ ఇంకో రిజిస్టరు తెరిచి మా ముందుకు జరిపాడు. "కాపీ ముట్టినట్టు సంతకం పెట్టమ్మా. సారూ, మీరు సాక్షి కింద పెట్టుండ్రి. మిగతాది నేను తర్వాత నింపుకుంట."

నేను జేబులోంచి పెన్ను తీశాను. మూత కూడా తీశాను.

విశ్రాంతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు ఆయనను రాయమనుండ్రి సారూ. రాసినంక నాకు సదివి సెప్పుండ్రి. అప్పుడు పెడదాం."