రెండు గొట్టాలు లేని రేడియేటర్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో ఖాజాగూడ దగ్గర ఒక కార్ల వర్క్‌షాప్‌లో విడిభాగాల డెస్క్‌లో చేరాను. మూడేళ్లు చేసి మానేశాను. ఆ పని ఎలా ఉండేదని ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ ఒక్క సంగతి చెబితే చాలనుకుంటాను.

హోదా ప్రకారం మేనేజరు, సర్వీస్ అడ్వైజరు, ఫోర్‌మన్, తర్వాత మెకానిక్‌లు. నా డెస్క్ వీళ్లందరికీ ఓ పక్కన. కస్టమర్లతో మాట్లాడనక్కర్లేదనే చేరాను. అయితే ఒక నియమం ఉండేది. కొత్త భాగం ఎక్కించిన ఏ బండి అయినా కస్టమర్ చేతికి వెళ్లే ముందు, ఆ భాగం దానికి సరిపోతుందని ఫిట్‌మెంట్ షీట్ మీద నేను సంతకం పెట్టాలి.

రెండో ఏడు మే నెలలో ఒక రెండు తలుపుల స్పోర్ట్స్ కారును టోయింగ్ బండి మీద తెచ్చారు. ఆటోమేటిక్, విదేశం నుంచి తెప్పించుకున్నది, పదేళ్లు దాటింది. యజమాని సుబ్బారెడ్డి గారు కడప నుంచి వచ్చి తెల్లాపూర్‌లో ఇళ్లు కట్టించే వ్యాపారం చేసేవారు. వేడి ముల్లు ఎరుపులోకి పోగానే ఇంజిన్ ఆపేశారు కాబట్టి ఇంజిన్ దక్కింది. రేడియేటర్ మాత్రం పోయింది. పై ట్యాంకు నిలువునా పగిలింది, నీళ్లు చల్లబడే మధ్య భాగం, అంటే కోర్, పూడుకుపోయింది.

ఆ రేడియేటర్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మూడు వారాలు వెతికితే వేరే రాష్ట్రంలో ఒక డీలరు దగ్గర కొత్తది ఒకటి దొరికింది. మోడల్, సంవత్సరం, ఇంజిన్ చెప్పాను. గేర్‌బాక్స్ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఫోన్‌లో కొత్తవాళ్లతో మాట్లాడుతుంటే ఎంత త్వరగా పెట్టేద్దామా అనే ఉండేది నాకు.

పెట్టె విప్పి పాతదాని పక్కన పెట్టాక తప్పు కనబడింది. ఆటోమేటిక్ బండిలో రేడియేటర్ రెండు పనులు చేస్తుంది. ఇంజిన్ నీళ్లతో పాటు, కింది ట్యాంకు లోపలున్న చిన్న కూలర్ ద్వారా గేర్‌బాక్స్ నూనెను కూడా చల్లబరుస్తుంది. ఆ నూనె వచ్చిపోయే రెండు గొట్టాలు పాతదానికి ఉన్నాయి, కొత్తదానికి లేవు. నేను తెప్పించింది మాన్యువల్ బండిది. డీలరు వెనక్కి తీసుకోనన్నాడు. ఇంకొకటి ఎక్కడా లేదన్నాడు.

ఫోర్‌మన్ శీనన్న దాన్ని తిప్పి చూసి తేల్చేశాడు. "ఆ రెండు నూనె పైపులు ఒకదానికొకటి కలిపేస్తె అయిపాయె. బండి నడుస్తది. నువ్వు జర సంతకం పెట్టు చెల్లె, ఫికర్ చెయ్యకు."

బండి నడిచే మాట నిజమే. కానీ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో, ఆ ఎండల్లో, నూనె చల్లబడకుండా ఎన్నాళ్లు నడుస్తుంది? గేర్‌బాక్స్ కాలితే ఆ కారు ఇక లేనట్టే.

"పెట్టలేనన్నా. రెండు రోజులు ఇవ్వండి," అన్నాను.

"రెండ్రోజులల్ల గొట్టాలు మొలుస్తయా దానికి?" అన్నాడు. మెకానిక్‌లందరూ నవ్వారు.

మేనేజరు రెండు రోజులకు ఒప్పుకున్నారు. ఆ తర్వాత పైపులు కలిపేయడమే, సంతకం తానే పెడతానన్నారు.

ఆ సాయంత్రం సుబ్బారెడ్డి గారు వచ్చారు. "ఏమ్మా, సామాను వచ్చిందంటిరే?" అడ్వైజరు ఏదో సర్దిచెప్పబోయాడు. తప్పు ఆర్డర్ పెట్టింది నేనే అని, గేర్‌బాక్స్ సంగతీ చెప్పేసి, రెండు రోజులు అడిగాను. ఆయన నా వైపు తిరిగి, "రెండు దినాలే గదా, చూడు. గేర్‌బాక్స్ పోతే మాత్రం నేను ఊరుకోను," అన్నారు.

అమ్మకందారుల గురించి, మరమ్మతులు చేసేవాళ్ల గురించి నేను ఒక డైరీలో రాసుకునేదాన్ని. అందులో మూసాపేటలో రేడియేటర్లు బాగుచేసే యాదయ్య పేరు ఉంది. అంతకుముందు ఒకసారి మేం పంపిన పనిని 'ఇది నాకు రాదు' అని తిప్పి పంపారు. రానిది రాదని చెప్పే మనిషి వచ్చన్నది బాగానే చేస్తాడనిపించింది. మర్నాడు పొద్దున రెండు రేడియేటర్లూ ఆటోలో వేసుకుని వెళ్లాను.

అరవై దాటిన మనిషి. రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టి, కోర్లు, అంచులు టేపుతో కొలిచారు. "కొలత ఒక్కటే. కొత్తదాని కింది ట్యాంకు తీసి పాతది ఎక్కిస్త. రెండిట్ల ఒకటి అయితది," అన్నారు. నేను వెంటనే విప్పమన్నాను.

"ఆగు బిడ్డ. ఇంట్ల ఇద్దరు కిరాయిదార్లు, నడుమ ఒక్కటే గోడ. ఒకరు నీళ్లు, ఒకరు నూనె. గోడ చిల్లిపడితె నీళ్లు గేర్‌బాక్స్‌ల వడ్తయి. ముందు ఆ పాత కూలర్‌ను అడగాలె, ఇంక పనికొస్తవా లేదా అని."

ఆయన చెప్పాక కారణం అర్థమైంది. ట్యాంకును కోర్‌కు పట్టి ఉంచేవి అంచు పొడవునా వంచిన అల్యూమినియం రేకు పళ్లు. వాటిని ఒకసారి తెరిచి మూయవచ్చు, రెండోసారి విరుగుతాయి. కొత్తదాన్ని ముందే విప్పి పాత ట్యాంకు ఎక్కించేసి, తర్వాత అందులోని కూలర్ కారుతుందని తెలిస్తే, రెండూ పోతాయి.

పాత ట్యాంకు ఊడదీసి, కూలర్ ఒక గొట్టం మూసి, రెండో గొట్టం నుంచి గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక గొట్టం మొదట్లో ఆవగింజంత బుడగ. కూలరే పోయిందనుకున్నాను. ఆయన కూలర్‌ను వదిలేసి ఆ బుడగ పుట్టే చోటునే చూస్తూ, "కూలర్ కాదు, వాషర్ ముసలిదైంది," అన్నారు. వాషర్ మార్చి, మళ్లీ గాలి పట్టించి, గాలి ఒత్తిడి చూపే మీటర్ ముల్లు దగ్గర సుద్దతో గీత పెట్టి, రేపు రమ్మన్నారు.

నేను అక్కడుండగానే శీనన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ మాట చెబితే యాదయ్య, "ముల్లు తొందరవడ్తలేదు, మీకేంది?" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ముల్లు గీత మీదే ఉంది. అప్పుడే ఆయన కొత్త రేడియేటర్‌ను ముట్టుకున్నారు. ఒక్కొక్క పన్నునూ ఊడదీయడానికి ఎంత వంచాలో అంతే వంచారు, ఒక్కటీ విరగలేదు. కొత్త రబ్బరు వేసి, పాత ట్యాంకు ఎక్కించి, నీళ్ల వైపు, నూనె వైపు మళ్లీ విడివిడిగా పరీక్షించారు. అంత ఓపికగల పని నేను అప్పటిదాకా చూడలేదు.

సాయంత్రానికి బండికి ఎక్కించాం. శీనన్న ఏసీ వేసి గంటసేపు ట్రాఫిక్‌లో నడిపి తెచ్చాడు. వేడి ముల్లు సగం దాటలేదు. గేర్‌బాక్స్ నూనె తీసి తెల్ల గుడ్డ మీద వేశాడు. ఎర్రగానే ఉంది, నీళ్లు కలిసి ఉంటే పాలు పోసిన చాయ్ రంగు వచ్చేది. నేను సంతకం పెట్టాను. అవసరం లేకపోయినా శీనన్న కూడా పక్కన తన సంతకం పెట్టాడు.

ఆ వారమే మా ఆర్డర్ ఫారంలో గేర్‌బాక్స్ రకానికి ఒక గడి చేర్పించాను. భాగం పేరు, బండి పేరు సరిపోతే చాలదు. ఆ భాగం ఇంకేమేం పనులు చేస్తోందో అడగాలి. ఇక వెనక్కి తీసుకోలేని పని ఏదైనా ఉంటే, దాన్ని అన్నిటికంటే చివర పెట్టుకోవాలి. మొదటిది నా తప్పు వల్ల తెలిసింది, రెండోది యాదయ్య నేర్పారు.