చోక్‌కు కట్టిన పసుపు దారం

మిస్త్రీ పోయాడు. ఈ మాట మా సందు మొదట్లో కిరాణం దుకాణం నడిపే షావుకారు చెప్పాడు. పోయిన నెల, పొద్దున ఏడు గంటలకు, నేను కారు మీది జంపఖానా తీస్తున్నాను. "సార్, మిస్త్రీ పోయిండు. నిన్న మాపటీలి ఛాతిల నొస్తాందన్నడట. దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది" అన్నాడు. నేను జంపఖానా అలాగే పట్టుకుని కారుకు ఆనుకుని నిలబడ్డాను. అది కూడా మిస్త్రీ ఇంట్లో నేసిందే. చలికాలం ఇంజను మీద కప్పమని ఆయనే తెచ్చి ఇచ్చాడు.

ఇంత చెప్పాక ఆయన గొప్ప కారు మెకానిక్ అనుకుంటారు మీరు. కాదు. వరంగల్ మట్టెవాడలో మా వెనక సందు ఆయనది. చేనేత ఇంట్లో పుట్టాడు. పవర్‌లూమ్‌లు వచ్చాక వాటిని బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఆయన భార్య మాత్రం చేతిమగ్గం వదల్లేదు. మా వాడలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మిస్త్రీయే. నాకైతే అంతకంటే ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే నా కాలి సంగతి, నా కారు సంగతి, రెండూ చెప్పాలి.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. క్లచ్ తొక్కే బలం ఉంది గానీ, కర్ర లేకుండా నిలబడే బలం లేదు. డెబ్బైల చివర్లో స్టేషన్ ఘన్‌పూర్ హైస్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. కిక్కిరిసిన బస్సు ఎక్కడం నావల్ల కాలేదు. కండక్టర్లు నన్ను బియ్యం బస్తాలా చంకల కింద చేతులు పెట్టి ఎక్కించేవారు. పుణ్యాత్ములే, కానీ నాకు ఏడుపొచ్చేది. అది చూడలేక మా మేనమామ తన పాత చిన్న కారు నాకిచ్చాడు. వానాకాలంలో వచ్చింది బండి. దసరా దాకా మహారాజులా స్కూలుకు పోయివచ్చాను.

దసరాకు మా అమ్మ కారుకు పూజ చేసింది. బానెట్ తెరిపించి, పసుపు కుంకుమ పెట్టి, చేతిలో పసుపు దారంతో నన్నడిగింది: "దీని పానం ఏడుంటది బిడ్డా?" నేను లెక్కల మాస్టర్ని, సైన్సు కూడా కాస్త వచ్చినవాణ్ని. కార్బురేటర్ చూపించి, ఇంజను ఊపిరి పీల్చేది ఇక్కడే అని చెప్పాను. అమ్మ భక్తిగా ఆ కార్బురేటర్ పక్కనున్న చిన్న కడ్డీకి ఐదు చుట్లు చుట్టి మూడు ముళ్లు వేసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఎంత బాగా కట్టిందో అని మురిసిపోయాను కూడా.

కార్తీకం వచ్చి చలి మొదలయ్యేసరికి కారు మొండికేసింది. మధ్యాహ్నం ఎండలో గుర్రంలా లేచేది. పొద్దున మాత్రం ససేమిరా అనేది. చలిలో ఇంజను లేపడానికి గుంజే చోక్ నాబు సగమే బయటికొచ్చి బిగుసుకునేది. పాత బండి, అంతేలే అనుకున్నాను. స్టార్టర్ తిప్పి తిప్పి బ్యాటరీ నీరసపడేది. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పుదామంటే నేను నిలబడలేను. దిగి తోయలేను. ఇక షావుకారు బొజ్జ ఊపుకుంటూ వచ్చేవాడు, పక్కింటివాళ్లు వచ్చేవారు. అందరూ కలిసి సందు చివరిదాకా తోస్తే అప్పుడు దగ్గుతూ లేచేది. బస్సులోకి ఎత్తించుకోవడం తప్పిందని సంబరపడ్డ నేను, రోజూ వాడంతా కలిసి తోస్తే బయలుదేరే మనిషినయ్యాను. ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ప్లగ్గులు తుడిచారు, బ్యాటరీ మార్చమన్నారు. మా అమ్మ దారం అప్పటికే మసిపట్టి, ఉన్నట్టే తెలియకుండా ఉంది.

స్కూలుకు ఆలస్యాలు మొదలయ్యాయి. హెడ్‌మాస్టరు చెడ్డవాడు కాదు. అదే నా కష్టం. ఒకరోజు పిలిచి, ఎంతో దయగా, "ఎందుకీ తిప్పలు మీకు? వరంగల్ల ఇంటి దగ్గర ఆఫీసుల కుర్చీ పని ఉన్నది. నేను రాసిస్త, హాయిగ కూసుండుండ్రి" అన్నాడు. బదిలీ కాగితం కూడా టైపు చేయించి పెట్టాడు. ఇంకోసారి ఆలస్యమైతే పైకి పంపక తప్పదన్నాడు. ఆ కాగితం పైకి పోతే నేనిక సుద్దముక్క పట్టుకోను. నాకు పాఠం చెప్పడం తప్ప ఇంకేమీ ఇష్టం లేదు ఈ లోకంలో.

మర్నాడే మళ్లీ కారు లేవలేదు. షావుకారు, మిగతావాళ్లు బండి మీద చేతులు వేశారు. వెనక సందులోంచి మిస్త్రీ వేపపుల్ల నములుతూ వచ్చాడు. అప్పటిదాకా ఆయనతో నాకు పెద్ద పరిచయం లేదు.

"నూకుడు ఆపుండ్రి" అన్నాడు.

అందరూ చేతులు తీశారు. నాకు ఒళ్లు మండింది. "స్కూలుకు టైమైతాంది మిస్త్రీ" అన్నాను.

"ఇయ్యాల వీళ్లు నూకుతరు. రేపెవలు నూకుతరు? ఎల్లుండెవలు నూకుతరు? సారు నడిపే బండిని సారే స్టార్ట్ చేసుకోవాలె" అన్నాడు. అని, బానెట్ మీద ఒకసారి అరచెయ్యి ఆనించి అప్పుడు తెరిచాడు. ఈ పదేళ్లలో ఆయన ఆ చెయ్యి ఆనించకుండా బానెట్ తెరవగా నేను చూడలేదు.

కార్బురేటర్ మీది డబ్బా విప్పాడు. "చోక్ గుంజుండ్రి" అన్నాడు. గుంజాను. "మూత పడ్తలేదు" అన్నాడు. చల్లారిన ఇంజనుకు గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ కావాలి. అందుకోసం కార్బురేటర్ నోటికి చిన్న రేకు మూత ఉంటుంది. చోక్ గుంజితే ఆ మూత పడాలి. మా అమ్మ కట్టిన దారం ఆ మూతను తిప్పే కడ్డీని కదలకుండా పట్టుకుంది. మిస్త్రీ మసిలో వేలు పెట్టి తడిమి, నా వైపు చూశాడు. ఆ చోటు అమ్మకు చూపించింది నేనేనని అప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. జేబులోంచి బ్లేడు తీసి, "కోసెయ్ మిస్త్రీ" అన్నాను.

"కోస్తరా? విప్పనీకె ముడి ఉన్నది గద సార్."

కిరసనాయిల్లో గుడ్డ ముంచి దారం తడిపాడు. గోటితో, ఒక దబ్బనంతో, ఆ మూడు ముళ్లూ ఒక్కొక్కటే విప్పాడు. పావుగంట పట్టింది. నేను గడియారం చూస్తూ లోపల్లోపల ఆయన్ని తిట్టుకుంటున్నాను, అబద్ధం చెప్పను. దారం పుట్టిన ఇంట్లో పుట్టినవాడికి దారం మీద బ్లేడు పెట్టడం చేతకాదని నాకు ఆ వేళ తెలియదు. ఆయన దాన్ని సబ్బుతో కడిగి షావుకారు దుకాణం తలుపుకు ఆరేశాడు. చోక్ గుంజితే మూత టక్కున పడింది, బండి లేచింది. కానీ స్కూలుకు ఆలస్యం కానే అయింది.

హెడ్‌మాస్టరు కాగితం తీశాడు. "పది రోజులు ఆగండి సార్. ఈ పది రోజుల్లో ఒక్కనాడు ఆలస్యమైనా నేనే సంతకం పెడతాను" అన్నాను. సరేనన్నాడు. సాయంత్రం ఆ మాట మిస్త్రీకి చెబితే, ఆయన సందంతా తిరిగి చాటింపు వేశాడు: "పది దినాలు సారు బండి మీద ఎవ్వలు చెయ్యెయ్యొద్దు." ఇదేం సాయమని నాకు అర్థం కాలేదు.

మొదటి రోజు పొద్దున్నే భయంతో చోక్ పూర్తిగా గుంజి, యాక్సిలరేటర్ నాలుగుసార్లు తొక్కి, స్టార్టర్ తిప్పాను. లేవలేదు. పెట్రోలు వాసన గుప్పుమంది. ఎదురు గోడకు ఆనుకుని మిస్త్రీ నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు.

"ఏం చెయ్యాలె?" అన్నాను.

"ఏం చెయ్యకుండ్రి. దాని దూప తీరి ఎక్కువైంది. చోక్ లోపలికి నూకి పది నిమిషాలు ఆగుండ్రి. జర గాలి పీల్చుకోనీయుండ్రి."

"పది నిమిషాలా? బడికి టైమైతాంది."

"తొందర మీది సార్. బండిది కాదు."

పది నిమిషాలు కూర్చున్నాను. చుట్టూ తోసే చేతులు బోలెడున్నాయి, ఒక్కటీ కదల్లేదు. షావుకారైతే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని పాపం ఊగిసలాడుతున్నాడు. తర్వాత మిస్త్రీ చెప్పినట్టు యాక్సిలరేటర్ మొత్తం తొక్కిపట్టి తిప్పాను. రెండు దగ్గులు దగ్గి లేచింది. నేను, నా ఒక్కడి చేత్తో, లేపాను. బడిగంట కొట్టకముందే చేరాను.

ఆ సాయంత్రం మిస్త్రీ ఆరిన పసుపు దారం పట్టుకొచ్చాడు. నా కారుకు చోక్ ముప్పావు వంతు గుంజితే చాలు, పూర్తిగా గుంజితే పెట్రోలు మునిగిపోతుందని కొలిచి చూశాడు. దారం ఒక కొస చోక్ నాబుకు, ఇంకో కొస డ్యాష్‌బోర్డు కింది పట్టీకి కట్టాడు. ముప్పావు దగ్గర దారం బిగిసి నిలుస్తుంది. "లెక్కలు యాదికుంచుకునే పని లేదు. దారం బిర్రుగైతె ఆపుండ్రి, అంతే" అన్నాడు. మగ్గం మీద పడుగు బిగువును వేలితో చూసుకునే మనిషి కదా, బండికీ అదే కొలత పెట్టాడు.

మా అమ్మకేం చెప్పాడో తెలుసా? "అమ్మా, దారం ఇంజన్ల ఉంటె మసి పడ్తాంది. గిక్కడైతె సారు పొద్దుగాల చెయ్యి పెట్టంగనే తాకుతది." అమ్మ ఎంత పొంగిపోయిందో. అప్పట్నుంచి ఏటా దసరాకు అమ్మ పూజ చేయడం, మిస్త్రీ వచ్చి కొత్త దారాన్ని కొలిచి కట్టడం. దాని వెనక కథ అమ్మకు నేటికీ తెలియదు. ఇది ఆమెకు చదివి వినిపించేవాళ్లు ఆ నాలుగు ముక్కలూ దాటెయ్యాలని మనవి.

పదో రోజు హెడ్‌మాస్టరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న తన బల్ల కాలి కింద పెట్టాడు. నేను ఇవాళ్టికీ ఆ స్కూల్లోనే లెక్కలు చెబుతున్నాను.

మిస్త్రీతో ఆ తర్వాత పదేళ్ల స్నేహం. టీ సాసర్లో పోసుకుని, చల్లారాకే తాగేవాడు. చెయ్యి కలపబోతే, మసి అంటుతుందని మణికట్టు ముందుకు చాపేవాడు. మగ్గాల షెడ్డులో యాభై మగ్గాలు మోగుతుంటే కళ్లు మూసుకుని నిలబడి, ఏ మగ్గానికి జబ్బు చేసిందో చెప్పేవాడు. నా కాలి గురించి జాలిగా ఒక్క మాట అనలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, ఆ రోజు ఎందుకు తోయనివ్వలేదని అడిగాను. "మీరు బండిల కూసొని తల కిందికి ఏస్కుంటున్నరు సార్. నాకు మంచిగనిపియ్యలే" అన్నాడు. అంతే.

ఆయన పోయాడని విన్న పొద్దున, పాడె వెంట నేను నడవలేను కాబట్టి కారు తీయబోయాను. దారం బిగువు చూసుకోలేదు. చోక్ ఒక్క గుంజు గుంజాను. దారం తెగింది. ఈ ఏడు దసరాకు ఆయన కట్టిన దారం. పెట్రోలు మునిగిపోయింది. షావుకారు పరుగెత్తుకొచ్చాడు. జుట్టు తెల్లబడింది గానీ ఆయన బొజ్జ అలాగే ఉంది. "సార్, ఆడ పాడె లేపుతాండ్రు. నూకుతం, కూసోండి" అన్నాడు.

"వద్దు షావుకారూ" అన్నాను. "పది నిమిషాలు ఆగుదాం."

ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. నా జీవితంలో అంత పొడుగు పది నిమిషాలు లేవు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. తర్వాత బండి లేచింది. దారిలో పాడెను దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలిచే చోట అందుకున్నాను. కొడుకు వంగి నాయినా అని పిలుస్తున్నాడు. నేను కర్ర మీద ఆనుకుని ఆ ముఖం చివరిసారి చూసుకున్నాను.

పదకొండో రోజు గడిచాక అమ్మను కార్లో కూర్చోబెట్టుకుని పలకరింపుకు పోయాను. తిరిగి వచ్చేటప్పుడు మిస్త్రీ భార్య కారు దాకా వచ్చింది. వేలాడుతున్న దారం ముక్కలు చూసింది.

"తెగిందా సార్?"

"నేనే తెంపిన అక్కా. ఆ దినం."

ఆమె చెయ్యి చాపి, మధ్యలో వెనక్కి తీసుకుంది. "పూజ చేసిన దారం. ఇప్పుడు నా చెయ్యి పడొద్దేమో" అంది.

అది విని అమ్మ అంది, "ఏం మాటలే బిడ్డా అవి? దారం పని నీకన్న ఎవలకెరుక? నువ్వే అతుకు."

ఆమె నా పక్క తలుపు తెరిచి, వంగి, రెండు కొసలూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. మగ్గం మీద పోగు తెగితే వేసే చిన్న ముడి. కంటికి ఆనదు, వేలికి మాత్రం తగులుతుంది.

"గుంజి చూడుండ్రి సార్" అంది. "బిర్రుగైతె ఆపుండ్రి."

ఆ మాట విని ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ముడిలో పోయినంత మేర దారం పొట్టిదైంది. చోక్ ఇప్పుడు ముప్పావుకు కాస్త తక్కువే వస్తుంది. అందుకని చలిపొద్దుల్లో బండి మొదటిసారికి లేవదు, రెండోసారికి లేస్తుంది. విప్పి పొడుగు సరిచేసుకోవచ్చు. నాకు చేయబుద్ధి కాలేదు. మొదటిసారి తిప్పి, లేవకపోతే వేలితో ఆ ముడిని తడిమి, కాసేపు ఆగుతాను. ఎదురుగా మిస్త్రీ ఆనుకుని నిలబడిన ఆ గోడ కనిపిస్తూ ఉంటుంది. తర్వాత రెండోసారి తిప్పుతాను.